నిలువ నీడ లేని వాహనాలు

మా గెడ్డవరం మున్సిపాలిటీ గురించి ఈమధ్య నలుగురూ నవ్వుకుంటున్నారు. బండ్లకి ఇళ్ళు కట్టించిన ఆఫీసు అంటున్నారు. నవ్వేవాళ్ళ నోరు మూయించడం నా వల్ల కాదు. కానీ ఆ ఫైలు పుట్టింది నా బల్ల మీదే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పడం నా ధర్మం. నా పేరు కామేశం. పట్టణ ప్రణాళికా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను ఒక్క రూలు తప్పలేదు. ఈ కథలో కూడా ఎవరూ ఏ రూలూ తప్పలేదు. అసలు విశేషం అదే.

గడియార స్తంభానికి ఎదురుగా, మెయిన్ బజారు నడిబొడ్డున, మున్సిపాలిటీకి రెండెకరాల స్థలం ఉంది. ఒకప్పుడు అక్కడ గుడిసెలుండేవి. బజారు ఊడ్చేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు ఉండేవారు. ఇరవై రెండేళ్ళ కిందట వాళ్ళని తాత్కాలికంగా పద్నాలుగు కిలోమీటర్ల అవతలున్న జీడితోటల కాలనీకి పంపించి, నేల చదును చేసి, తెల్లగీతలు గీయించి, ఉచిత పార్కింగ్ అని బోర్డు పెట్టాం. తాత్కాలికంగా అన్న మాటకి మా ఆఫీసులో మంచి ఆయుష్షు ఉంది. అప్పట్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు ఆ కాలనీలోనే పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు.

ఒకరోజు పైనుంచి సర్క్యులర్ వచ్చింది. పట్టణం మధ్యలో ఉన్న మున్సిపల్ స్థలాల్లో అక్కడ పనిచేసే పేదలకి ఇళ్ళు కట్టండి, అద్దె వాళ్ళు భరించగలిగేట్టు ఉండాలి అని దాని సారాంశం. కమిషనర్ నిరంజన్ గారు నన్ను పిలిచారు. ఆయన కుర్రవాడు, చదువుకున్నవాడు, మాట్లాడితే ప్రెస్ నోటు చదివినట్టుంటుంది.

"కామేశంగారూ, సమ్మిళిత నగర నిర్మాణ దార్శనికత దిశగా మన పురపాలక సంఘం తొలి అడుగు వేయవలసిన చారిత్రక తరుణం ఆసన్నమైంది."

"ఫైలు పెట్టేస్తానండి" అన్నాను.

ఇంజనీరు గారు వారంలో ప్లాను గీశారు. మూడంతస్తుల్లో తొంభై ఆరు ఇళ్ళు. కింద మొత్తం స్తంభాల మీద ఖాళీగా వదిలి బండ్లకే ఉంచారు. ఇప్పుడు నూట పది కార్లు పడుతున్న చోట రేపు నూట నలభై పడతాయి. ఈ సంగతి ప్లానులో నాలుగో పేజీలో ఉంది. మా ఊళ్ళో నాలుగో పేజీదాకా వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు.

మొదటి పేజీ బయటికి పొక్కగానే ఊరు భగ్గుమంది. బజారులో అన్నిటికంటే పెద్ద పట్టుచీరల షాపు యజమాని విశ్వేశ్వర్రావు గారు. వర్తక సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ సాయంత్రమే పార్కింగ్ హక్కుల పరిరక్షణ సమితి పుట్టింది. దానికీ ఆయనే అధ్యక్షుడు. మర్నాడు ఇరవైమందితో కమిషనర్ గారి గదిలోకి వచ్చి కూర్చున్నారు.

"పేదలంటే మాకు ప్రాణమండీ" అన్నారు విశ్వేశ్వర్రావు గారు. "ఏటా దుప్పట్లు పంచుతాం, మీకు తెలుసు. ఇళ్ళు కట్టండి, మేమే కొబ్బరికాయ కొడతాం. కాకపోతే ఇక్కడ కాదు. ఇక్కడ కడితే మా కస్టమర్లు బళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు? బండి పెట్టుకునే చోటు లేని బజారు బజారేనా? కారు నోరులేనిదండీ. దాని తరఫున అడిగేవాళ్ళు ఎవరూ లేరనేగా మీ ధైర్యం?"

నోరులేనిది అనేసరికి ఆయన గొంతు వణికింది. సమితి సభ్యుల్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. కమిషనర్ గారు కూడా చలించిపోయి, "వాహనాల మనోభావాలను పరిగణనలోకి తీసుకుంటాం" అన్నారు. ఆ మాట నేను నోట్ ఫైల్లో రాసుకున్నాను.

సమితి రిలే నిరాహార దీక్షకి కూర్చుంది. ఉదయం టిఫిన్లు అయ్యాక పదింటికి మొదలుపెట్టి, భోజనాల వేళకి ఒంటిగంటకి విరమించేవారు. ఎండ ఎక్కువగా ఉండడంతో ఎవరి కారులో వాళ్ళు ఏసీ వేసుకుని, ఆ పార్కింగ్ స్థలంలోనే దీక్ష చేశారు. ఆ పదిరోజులూ బజారుకి వచ్చినవాళ్ళెవరికీ బండి పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. పార్కింగ్ ఎంత అవసరమో దాంతో జనానికి బాగా తెలిసొచ్చింది.

ఇక రూలు ప్రకారం ముప్ఫై రోజులు అభ్యంతరాలూ, మద్దతు పత్రాలూ తీసుకోవాలి. దానికి ఫారాలు కావాలి. అచ్చు వేయించాలంటే ఆరు సంతకాలు. నా బీరువాలో ఐదు వేల ఫారాలు కట్టలు కట్టి ఉన్నాయి. ఎప్పుడో పార్కింగ్ పాసులు ఇద్దామని వేయించి, పాసులు ఇవ్వకుండా వదిలేసినవి. పైన శీర్షిక కొట్టేసి, "అభ్యంతరము / మద్దతు" అని రబ్బరు ముద్ర వేయించాను. ప్రజల కాగితం వృథా కాలేదని కమిషనర్ గారు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని మా ఇంట్లో ఫ్రేము కట్టించాను.

ఆ ఫారంలో మూడో గడి వాహనం నంబరు. కింద లావు అక్షరాల్లో ఇలా ఉంది: "మూడవ గడి ఖాళీగా ఉన్న దరఖాస్తు తిరస్కరించబడును."

నాలుగో రోజు వరహాలమ్మ వచ్చింది. మా పారిశుద్ధ్య విభాగంలోనే పనిచేస్తుంది. ఆ పాత గుడిసెల్లోనే పుట్టి, అక్కడే పెళ్ళి చేసుకుని, కూతురు కడుపులో ఉండగా జీడితోటలకి వెళ్ళిన మనిషి. భర్త బజారులోనే బస్తాలు మోస్తాడు. చేతిలో ఫారం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏటి బాబూ, ఈ కాయితం తీసుకోరటేటి?"

"మూడో గడి ఖాళీగా ఉందమ్మా. నీకు బండి ఉందా?"

"నాకు బండేటి బాబూ! బండుంటే ఇన్ని బాధలెందుకు? తెల్లారి అయిదుకి ఇక్కడ ఆజరుకి ఫోన్లో మొకం సూపించాలి. జీడితోటల్నించి ఆటో ఎప్పుడొస్తాదో దానికే తెల్దు. రెండు మెమోలు ఇచ్చీసినారు. మూడోది ఒచ్చిందంటే పన్లోంచి తీసెత్తారు. ఇల్లిక్కడ ఇత్తే నడిసొచ్చయినా మొకం సూపిత్తాను. అదే రాసినాను ఇందులో."

రాసింది కూతురి చేత రాయించినట్టుంది, దస్తూరి ముద్దుగా ఉంది. నేను చదివాను. చదవకూడదని రూలు లేదు. కానీ మూడో గడి ఖాళీగానే ఉంది. తిరస్కరించడమైనది అని ముద్ర వేసి చెల్లనివాటి కట్టలో పడేశాను.

"మడిసి ఇల్లడిగితే బండి నంబరెందుకు బాబూ?" అంది వెళ్ళబోతూ.

ఈ ప్రశ్న ఫారంలో లేదు కాబట్టి నేను జవాబు చెప్పలేదు.

ముప్ఫై రోజులూ గడిచాయి. మద్దతు పత్రాలు నాలుగు వందలు దాటి వచ్చాయి. ఒక్కటీ చెల్లలేదు. అభ్యంతరాలు వెయ్యికి పైగా వచ్చాయి, అన్నీ చెల్లాయి. బండి నంబరుకి ఒక ఫారం కదా, మూడు బళ్ళున్న ఇంటి నుంచి మూడు అభ్యంతరాలు వచ్చాయి. విశ్వేశ్వర్రావు గారి ఇంటి నుంచి పదకొండు. అందులో ఒకటి వాళ్ళ నాన్నగారి అంబాసిడర్ కారు తరఫున వచ్చింది. అది వాళ్ళింటి ముందు రోడ్డు మీద టార్పాలిన్ కప్పుకుని పదహారేళ్ళుగా కదలకుండా ఉంది. మా లెక్కల గుమాస్తాకి అనుమానం వచ్చింది, కదలనిది వాహనమేనా అని.

"కదలదు కాబట్టే దానికి పార్కింగ్ మరీ అవసరం" అన్నారు విశ్వేశ్వర్రావు గారు.

అయినా సందేహం సందేహమే. మున్సిపాలిటీ తరఫు న్యాయవాది అనంతశయనం గారి అభిప్రాయం కోరాం. సమితి తరఫు న్యాయవాది కూడా ఆయనే. ఊళ్ళో మంచి లాయరు ఒక్కరే ఉన్నప్పుడు అలాగే జరుగుతుంది. ఆయన పన్నెండు పేజీల అభిప్రాయం పంపించారు. అందులో ముఖ్యమైన వాక్యాన్ని నేను ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నాను: "వాహనమనగా చక్రములు కలిగి, కదులునదియు, కదలగలిగినదియు, కదలకున్నను ఒకానొకప్పుడు కదలినదియు. సదరు స్థలము వాహనములకు చెందినది. హక్కుదారు వాహనమే. యజమాని దానికి ప్రతినిధి మాత్రమే."

దీంతో ఇళ్ళ పథకం ఆగిపోయింది. కానీ పైనుంచి వచ్చిన పథకాన్ని ఆపేశాం అని జవాబు రాస్తే కమిషనర్ గారి ఉద్యోగానికి మచ్చ. ఆయన రెండు రోజులు భోంచేయలేదు. మూడో రోజు సమితి వాళ్ళే దారి చూపించారు.

"రోజంతా ఎండలో నిలబడి బళ్ళ రంగు వెలిసిపోతోందండీ" అన్నారు విశ్వేశ్వర్రావు గారు. "సీట్లు కాలిపోతున్నాయి. మీకు కట్టాలనే ఉంటే మా బళ్ళకి నీడ కట్టండి. ఒక్కోదానికి ఒక్కో గది, గోడలతో సహా. పక్క కారు తలుపు తగిలి గీతలు పడుతున్నాయి."

కమిషనర్ గారి ముఖం వెలిగిపోయింది. "నిరాశ్రయ వాహనాలకు గౌరవప్రదమైన ఆవాసం! కామేశంగారూ, మార్గదర్శకాలు సిద్ధం చేయండి."

కొత్తగా మార్గదర్శకాలు రాయాలంటే ఆరు నెలలు. పేదల ఇళ్ళ పథకం మార్గదర్శకాలు నా దగ్గర ఉన్నాయి, కంప్యూటరులో. కుటుంబం అన్న ప్రతిచోటా వాహనం అని మార్చమన్నాను. మెషీను రెండు క్షణాల్లో మార్చేసింది. "నిలువ నీడ లేని వాహనములకు ప్రథమ ప్రాధాన్యము. సదరు వాహనమునకు పట్టణములో మరెక్కడను నీడ లేదని ప్రమాణపత్రము సమర్పించవలెను." చదువుకుంటే కొత్త పథకంలాగే ఉంది. ఇంజనీరు గారు కూడా శ్రమ పడలేదు. పై అంతస్తులు తీసేసి, తొంభై ఆరింటినీ నేల మీదే వరసలుగా పరిచి, ఇంటి డ్రాయింగులో ముందుగది అన్నచోట వాహనం అని రాశారు. మిగతావన్నీ అలాగే ఉండిపోయాయి.

సమితి తీరుబడిగా కూర్చుని రెండు సవరణలు అడిగింది. మొదటిది, దరఖాస్తులో యజమాని పేరు అడగకూడదు. చాలా కార్లు బావమరుదుల పేర్న, ఫర్ముల పేర్న ఉన్నాయట. హక్కుదారు వాహనమే అయినప్పుడు యజమాని ఎవరైతేనేం అని లాయరు గారు కూడా అన్నారు. ఆ గడి కొట్టేశాం. రెండోది, కార్ల అద్దాలు ఎవరో విరిచి పట్టుకుపోతున్నారు కాబట్టి ప్రతి వాహనంతోపాటు ఒక సంరక్షకుడు రాత్రింబవళ్ళు ఉండి తీరాలి. డ్రైవర్లు పెళ్ళాం బిడ్డల్ని వదిలి రారు కాబట్టి కుటుంబాన్ని కూడా ఉండనివ్వాలి. దానికోసం ఒక కుళాయి, ఒక స్నానాలగది, పొయ్యి పెట్టుకునే అరుగు ఉండాలి. ఇవన్నీ డ్రాయింగులో ముందే ఉన్నాయి. ఇంజనీరు గారు తీసేయడం మరిచిపోయారు. కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించి, బల్లలు చరిచింది.

తొంభై ఆరు గదులు ఐదు నెలల్లో లేచాయి. మనుషుల ఇళ్ళయితే ఇంత త్వరగా లేవవు. వాటికి అభ్యంతరాలు వస్తాయి.

దరఖాస్తులు తీసుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వరహాలమ్మ మా విభాగంలో చెత్త తీసుకోవడానికి వచ్చింది. తోపుడు బండి గుమ్మం బయట ఆపి, నా బుట్ట బోర్లించింది. బుట్టనిండా చెల్లని మద్దతు పత్రాలు. తన కాగితం తనకే కనిపించింది. తీసి, మడిచి, బొడ్లో దోపుకుంది.

"గదులు బాగా కడతన్నారు బాబూ" అంది. "కుళాయి కూడా ఎట్టినారు. ఎవులికి?"

"బళ్ళకి."

"ఏ బళ్ళకి?"

"నంబరున్న ఏ బండికైనా. ఎక్కడా నీడ లేనిదై ఉండాలి. ఓనరెవరో అక్కర్లేదు."

ఆవిడ గుమ్మం బయటికి చూసింది. తోపుడు బండి ఎండలో నిలబడి ఉంది. దాని పక్కరేకు మీద మా ఆఫీసువాళ్ళే తెల్లరంగుతో రాయించిన అంకె ఉంది. 47.

"మరి దీనికీ నంబరున్నాది కదండీ?"

నేను మార్గదర్శకాలు మొదటినుంచి చివరిదాకా చదివాను. కాదనడానికి ఒక్క వాక్యం కూడా దొరకలేదు. చక్రాలున్నాయి. కదులుతోంది. నీడ లేదు. నేను ఆవిడకి సాయం చేశానని తర్వాత కొందరు అన్నారు. అది అబద్ధం. నేను ఫారం ఇచ్చాను, అంతే. ఫారం ఇవ్వడం నా ఉద్యోగం. తొంభై అయిదు ఫారాలు ఇచ్చాను, ఎందుకంటే మా మున్సిపాలిటీకి తొంభై అయిదు తోపుడు బళ్ళున్నాయి.

కార్ల తరఫున వెయ్యి దరఖాస్తులొచ్చాయి. ఏ కారుకీ పట్టణంలో ఎక్కడా నీడ లేదని వెయ్యి ప్రమాణపత్రాలు కూడా వచ్చాయి. జాబితా ప్రకటించే ముందు టౌన్ హాల్లో బహిరంగ విచారణ పెట్టాం. ఆరోజు పొద్దున్న జీడితోటల ఆటో దారిలో చెడిపోయింది. వరహాలమ్మ ముఖం చూపించేసరికి ఆరున్నర. పది గంటలకల్లా మూడో మెమో టైపయింది. మెమోని ఉద్యోగి ఇంటికి వెళ్ళి స్వయంగా అందజేయాలని రూలు. అటెండరు గవరయ్య చేతికిచ్చారు. ఆవిడ గవరయ్య పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళి హాల్లో వెనక వరసలో నిలబడింది. వాడు మెమో జేబులో పెట్టుకుని నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

విచారణ మొదలవగానే విశ్వేశ్వర్రావు గారు లేచారు.

"ఇదేం అన్యాయమండీ! చెత్తబళ్ళు కూడా వాహనాలేనా? ఇంజను లేదు, హారను లేదు. పట్టుచీరలు కొనడానికి వచ్చే కారు పక్కన చెత్తబండి గది ఉంటుందా? లాయరు గారూ, మీరు చెప్పండి."

అనంతశయనం గారు లేచి కళ్ళజోడు సవరించుకున్నారు. అప్పటికే నేను ఎర్రగీత పేజీ తెరిచి కమిషనర్ గారి ముందు పెట్టాను. కమిషనర్ గారు పైకి చదివారు. చక్రములు కలిగి, కదులునదియు, కదలగలిగినదియు.

"ఇంజను ప్రస్తావన లేదే" అన్నారు.

"లేదండి" అన్నారు లాయరు గారు. "అంబాసిడర్‌లో ఇంజను తీసేసి చాలా కాలమైంది. అది దృష్టిలో పెట్టుకుని ఆ మాట పడకుండా జాగ్రత్తగా రాశాను." ఆ మాట ఆయన కొంచెం గర్వంగానే అన్నారు.

విశ్వేశ్వర్రావు గారు తగ్గలేదు. "సరే, వాహనాలే అనుకుందాం. మావీ వాహనాలే. మావాటికీ నీడ లేదు. పదకొండు ప్రమాణపత్రాలిచ్చాను. అభ్యంతరాల్లో మావే ఎక్కువ, గదుల్లోనూ మావే ఎక్కువ ఉండాలి."

కమిషనర్ గారు తలూపి, "న్యాయమైన వాదన" అని కలం తీశారు. హాలంతా చప్పట్లు. అప్పుడు వెనక వరసలోంచి వరహాలమ్మ గొంతు వినిపించింది.

"బాబూ, ఒక్క మాట. ఆ బాబుగారి బళ్ళకి నీడ నేదని ఎవులన్నారండీ? షాపు కింద ఎంత పెద్ద సెల్లారున్నాది! పదిబళ్ళు అడ్డంగా పడతాయి."

కమిషనర్ గారు కలం బల్ల మీద పెట్టారు.

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు కమిషనర్ గారు.

"రోజూ అందులోంచే కదండీ సెత్త ఒట్టుకొస్తాను. బళ్ళు మట్టుకు నేవు. సీరల మూటలున్నాయి, అట్టపెట్టెలున్నాయి. ఆ బాబుగారిదే కాదండి, ఈ బజారంతా అంతే. కంసాలి వీధి సెల్లార్లో బంగారం పన్లు సేత్తారు. దంతాల డాక్టరమ్మగారి సెల్లార్లో రక్తపరీచ్చలు. బళ్ళెట్టుకుంటామని కట్టినారు, సామాన్లెట్టుకున్నారు. అందుకే బళ్ళన్నీ మా గుడిసెలున్నకాడికొచ్చీసినాయి."

ఊళ్ళో ప్రతి పెద్ద షాపు ప్లానులోనూ సెల్లారు పార్కింగుకని చూపించి అనుమతి తీసుకున్నారు. ఆ ప్లాన్లన్నీ నా విభాగంలోనే ఉన్నాయి. కమిషనర్ గారు నా వంక చూశారు. నేను లేచి అన్నాను, "ఉన్నాయండి. సెల్లారులో నీడ ఉందంటే ప్రమాణపత్రం అబద్ధం. నీడ లేదంటే అక్కడ గోడౌనున్నట్టు, ప్లాను అతిక్రమించినట్టు. రెండింటిలో ఏది రాసుకోమంటారో అధ్యక్షుల వారిని అడిగి చెప్తే అదే రాసుకుంటాను."

అధ్యక్షుల వారు జేబులు తడుముకున్నారు. ఆయన వెనకున్న సమితి సభ్యులు ఒక్కొక్కరే లేచి, ఏవో పనులు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి తమ ప్రమాణపత్రాలు, దరఖాస్తులు కట్టలకొద్దీ వెనక్కి తీసుకున్నారు. పావుగంటలో వెయ్యి దరఖాస్తుల కట్ట కరిగిపోయింది.

"పేదలంటే మాకెప్పుడూ ప్రాణమేనండీ" అన్నారు విశ్వేశ్వర్రావు గారు చివరికి, జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుంటూ. "తోపుడు బళ్ళయితేనేం, అవీ నోరులేనివే."

ఆయన పది దరఖాస్తులు వెనక్కి తీసుకుని పదకొండోది వదిలేశారు. అంబాసిడర్ నిజంగానే రోడ్డు మీద ఉంది, దాని ప్రమాణంలో అబద్ధం లేదు. తొంభై అయిదు తోపుడు బళ్ళు, ఒక అంబాసిడర్. గదులు తొంభై ఆరు. లాటరీ తీయాల్సిన అవసరం కూడా లేకపోయింది. తోపుడు బళ్ళకి వాటిని తోసేవాళ్ళే సంరక్షకులుగా కుటుంబాలతో వచ్చారు. అంబాసిడర్‌కి సంరక్షకుడిగా ఆయన డ్రైవరు భార్యాపిల్లలతో సహా వచ్చాడు. ఆ కారుకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.

మూడో మెమో సంగతి చెప్పాలి కదా. గవరయ్య అది నెలరోజులు జేబులో ఉంచుకుని, చివరికి వెనక ఒక వాక్యం రాసి తెచ్చాడు: "సదరు ఉద్యోగి నివాసము పద్నాలుగు కిలోమీటర్ల దూరము. ఆఫీసు వాహనము కేటాయించనందున అందజేయలేకపోయితిని." నెల దాటిన మెమో చెల్లదు. వాహనం లేక ఒక పని ఆగిపోవడం మా ఆఫీసులో మామూలే. ఆ సంగతి నాకు సంతోషం కలిగించడం మాత్రం అదే మొదటిసారి. గవరయ్యకి టీ తాగించాను.

కమిషనర్ గారు పైకి పంపిన నివేదికలో ఇలా రాశారు: "తొంభై ఆరు ఆవాసాలు సకాలంలో పూర్తి. లబ్ధిదారులు నూటికి నూరు శాతం సంతృప్తి." లబ్ధిదారుల సంతృప్తిని ఎలా కొలిచారో నన్నడగలేదు. ఆయనకి పెద్ద పట్టణానికి బదిలీ వచ్చింది. నాలుగో పేజీ మాత్రం ఇప్పటికీ ఎవరూ చదవలేదు. ఆ ప్రకారం కట్టి ఉంటే మనుషులకి ఇళ్ళూ, నూట నలభై కార్లకి చోటూ రెండూ దక్కేవి. ఇప్పుడు కార్లు రోడ్ల మీద ఉన్నాయి. సెల్లార్లలో చీరలున్నాయి.

మొన్న ఇళ్ళ వివరాల సేకరణకి నన్ను వేశారు. ఫారాల కట్ట పట్టుకుని సాయంత్రం ఆ గదుల వరసలోకి వెళ్ళాను. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. తాళ్ళ మీద బట్టలు ఆరుతున్నాయి. వరహాలమ్మ గది ముందు ఆగాను. తోపుడు బండి నట్టింట్లో నిలబడి ఉంది. కడిగి, తుడిచి, రేకుకి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. గదిలో సగం దానికే పోయింది. మిగిలిన సగంలో కూతురు చదువుకుంటోంది, భర్త గోడకి ఆనుకుని కునుకుతున్నాడు. నేను లోపలికి అడుగుపెడుతూ కాలు తగిలించబోయాను.

"సూసుకోండి బాబూ!" అంది కంగారుగా. "దానికి సక్రమూడినా, తుప్పట్టినా మాకు గదుండదని రాసినారు కదా మీరు. రోజూ నూనేత్తన్నాను."

నిజమే, రాశాను. వాహనము పనికిరానిదైనచో గది స్వాధీనపరచవలెను. మార్గదర్శకాల్లో అది ఇరవై మూడో అంశం. రాసినప్పుడు మామూలు వాక్యంలాగే అనిపించింది. ఇప్పుడు ఆ గదిలో నిలబడితే సిగ్గేసింది.

ఆవిడ చాప పరిచింది. కూర్చుని ఫారం తీశాను. "ఇంటి యజమాని పేరు చెప్పమ్మా. వరహాలమ్మ అని రాసుకోనా?"

"నా పేరెందుకు బాబూ?" అని నవ్వింది. "నా పేరెట్టిన కాయితం ఒక్కటీ సెల్లనేదు. ఆల నంబరే రాసుకోండి." ఆల అన్నప్పుడు బండి వైపు గడ్డం ఎత్తి చూపించింది, ఇంటికి పెద్దవాళ్ళని చూపించినట్టు.

అలాగే రాశాను. ఇంటి యజమాని: తోపుడు బండి నంబరు నలభై ఏడు. ఆధారపడి ఉన్నవారు: ముగ్గురు. పైనుంచి కిందికి ఒకసారి చూసుకున్నాను. ఏ గడీ ఖాళీగా లేదు. సంతకం పెట్టేశాను.